పేస్లిప్పులో సున్నా

నెల జీతం మీద నడిచే ఇంటికి ఒకటో తారీఖు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. పాలవాడు, ఇంటద్దె, కరెంటు బిల్లు, చీటీ డబ్బులు, పిల్లల ఫీజు... అన్నీ ఆ తారీఖుకే ముడిపడి ఉంటాయి. జీతం రెండు రోజులు ఆలస్యమైతే సర్దుకుంటారు. పది రోజులైతే చేబదులు వెతుక్కోవాలి. నెల దాటిందంటే ఇంట్లో బంగారం వైపు చూడాల్సిందే.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకి జీతం రెండు వారాలకోసారి వస్తుంది. 2019 జనవరి 11, శుక్రవారం. ఆకాశంలో విమానాలకి దారి చూపించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు ఎప్పటిలాగే పేస్లిప్పు తెరిచారు. చేతికొచ్చే మొత్తం అని ఉన్నచోట సున్నా. వాళ్లేం సెలవులో లేరు. క్రిస్మస్‌ నాడూ, కొత్త సంవత్సరం నాడూ టవర్లో కూర్చుని డ్యూటీ చేశారు. తప్పు చేసి సస్పెండ్ కూడా అవలేదు. వాళ్ల ఆఫీసు ఖర్చులకి డబ్బు మంజూరు చెయ్యాల్సిన బిల్లు చట్టసభలో పాసవలేదు. అంతే!

ప్రపంచంలోకెల్లా డబ్బున్న దేశం. అక్కడ సర్కారు జీతాలివ్వలేకపోవడం ఏమిటి అనిపిస్తుంది. డబ్బు లేక కాదు. తియ్యడానికి అనుమతి లేక.

బడ్జెట్ అంటే మన కళ్లముందు మెదిలేది ఆర్థికమంత్రి. ఒకప్పుడు చేతిలో బ్రీఫ్‌కేసు ఉండేది, ఇప్పుడు ఎర్రటి సంచిలో ట్యాబ్. ప్రసంగం అవుతుంది, టీవీల్లో 'ఏవి పెరిగాయి, ఏవి తగ్గాయి' అని పట్టికలు వస్తాయి, కొన్నాళ్లకి పాసైపోతుంది. అమెరికాలో ఆ తంతు వేరు. అధ్యక్షుడు పంపేది వట్టి ప్రతిపాదన. డబ్బు ఎవరికెంతో రాసేది అక్కడి పార్లమెంటు, అంటే కాంగ్రెస్. ఒక్క బిల్లు కాదు, శాఖల్ని గుంపులుగా చేసి 12 బిల్లులు రాయాలి. ప్రతినిధుల సభ ఒప్పుకోవాలి. సెనేట్ ఒప్పుకోవాలి. అక్కడ మామూలు మెజారిటీ చాలదు, చర్చ ముగించి ఓటింగుకి రావాలంటే 100 మందిలో 60 మంది కావాలి. ఆపైన అధ్యక్షుడు సంతకం పెట్టాలి. ఇదంతా అక్టోబరు 1 లోపు జరిగిపోవాలి. వాళ్ల ఆర్థిక సంవత్సరం మొదలయ్యేది ఆ రోజునే.

1974లో ఈ పద్ధతి పెట్టుకున్నాక మొత్తం బిల్లులన్నీ గడువులోపల పూర్తి చేసింది నాలుగంటే నాలుగుసార్లు. ఆఖరుది 1996లో. మిగతా అన్నేళ్లూ 'పాత లెక్క ప్రకారమే ఇంకో రెండు నెలలు నడిపించండి' అని తాత్కాలిక బిల్లులు పెట్టుకుంటూ నెట్టుకొస్తున్నారు. అద్దె రేపిస్తాం ఎల్లుండిస్తాం అంటూ వాయిదాలు చెప్పే ఇల్లు ఎలా ఉంటుందో అలాగ. ఆ తాత్కాలిక బిల్లు కూడా పాసవని రోజున ఆఫీసులకి తాళాలు. దానికే షట్‌డౌన్ అని పేరు.

ఈ తాళాల అలవాటు మరీ అంత పాతదేం కాదు. చట్టసభ ఒప్పుకోకుండా ఖజానాలోంచి డబ్బు తియ్యకూడదని వాళ్ల రాజ్యాంగంలో మొదట్నుంచీ ఉంది. మంజూరు కాని డబ్బు మీద ఎవరిచేతా పని చేయించుకోకూడదని, చివరికి ఉచితంగా చేస్తామన్నా ఒప్పుకోకూడదని 1884లో చట్టం చేశారు. అయినా దాదాపు వందేళ్లు ఎవరూ దాన్ని అంత పట్టుగా చూడలేదు. బిల్లు నాలుగు రోజులు ఆలస్యమైతే ఆఫీసులు కొత్త ఖర్చులు ఆపుకునేవి, తలుపులు మాత్రం తెరిచే ఉండేవి. ఇవాళ కాకపోతే రేపు పాసవుతుంది కదా అని ధీమా.

1980 ఏప్రిల్లో అప్పటి అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి ఆ పాత చట్టాన్ని ఉన్నదున్నట్టు చదివారు. డబ్బు మంజూరు కాకపోతే ఆఫీసు మూసెయ్యాల్సిందే అని తేల్చారు. వారం తిరక్కుండా, మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒకరోజు మూతపడింది. ఇలాగైతే జైళ్లు, ఆస్పత్రులు, విమానాలు ఏం కావాలి? 1981 జనవరిలో ఆయనే ఇంకో అభిప్రాయం రాశారు. మనుషుల ప్రాణాలకి, ఆస్తులకి రక్షణగా ఉండేవాళ్లు పని ఆపక్కర్లేదన్నారు. చూడండి ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో! జీతం లేకుండా ఎవరిచేతా పని చేయించకూడదన్న చట్టం, చివరికి లక్షలమంది జీతం లేకుండా పని చెయ్యాల్సిన పరిస్థితి తెచ్చింది.

ఆ తర్వాత తాళం వెయ్యడం రాజకీయాల్లో ఒక ఆయుధమైపోయింది. 1995 చివర్లో అధ్యక్షుడు క్లింటన్‌కీ, ప్రతినిధుల సభ స్పీకర్ న్యూట్ గింగ్‌రిచ్‌కీ మధ్య పంతాలు ముదిరి ఒకసారి 5 రోజులు, మరోసారి 21 రోజులు ఆఫీసులు మూతపడ్డాయి. 2013లో ఒబామా ఆరోగ్య బీమా చట్టం మీద తగువుతో 16 రోజులు. ఇవన్నీ ఒక ఎత్తు. 2018 డిసెంబరు 22న మొదలైంది ఇంకో ఎత్తు.

గొడవ గోడ గురించి. మెక్సికో సరిహద్దులో గోడ కట్టడానికి 570 కోట్ల డాలర్లు కావాలన్నారు ట్రంప్. ఇవ్వమన్నారు డెమోక్రాట్లు. గోడ డబ్బు లేని తాత్కాలిక బిల్లుని డిసెంబరు 19న సెనేట్ ఒప్పేసుకుంది కూడా. ట్రంప్ సంతకం పెట్టనన్నారు. అప్పటికి 12 బిల్లుల్లో 5 ముందే పాసయ్యాయి కాబట్టి సైన్యం, ఆరోగ్యం, కార్మిక శాఖల్లాంటివి బతికిపోయాయి. మిగతా 9 శాఖలు చిక్కుకున్నాయి. సుమారు 8 లక్షల మంది ఉద్యోగులు. అందులో 3 లక్షల 80 వేల మంది ఇంట్లో కూర్చున్నారు. 4 లక్షల 20 వేల మందికి డ్యూటీ ఉంది, జీతం లేదు.

మొదటి వారం పండగ సెలవుల్లో గడిచిపోయింది. కొత్త సంవత్సరంలో మ్యూజియాలు మూతపడ్డాయి. వాషింగ్టన్ జూలో పాండాల్ని ఇంట్లో కూర్చుని చూడ్డానికి పెట్టిన కెమెరా కూడా ఆపేశారు. కాలిఫోర్నియాలో జాషువా ట్రీ పార్కుని సిబ్బంది లేకుండా తెరిచి ఉంచితే వచ్చినవాళ్లు చెట్లే నరికారు. జనవరి 14న ఫుట్‌బాల్ ఛాంపియన్లయిన క్లెమ్సన్ యూనివర్సిటీ జట్టు వైట్‌హౌస్‌ విందుకొచ్చింది. వంటవాళ్లలో చాలామంది జీతం లేని సెలవులో ఉన్నారు. అధ్యక్షుడు తన సొంత డబ్బుతో బర్గర్లు, పిజ్జాలు తెప్పించి వెండి పళ్లేల్లో పెట్టించారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది.

ఉద్యోగుల ఇళ్లలో మాత్రం నవ్వుకునే పరిస్థితి లేదు. వైట్‌హౌస్‌కీ పార్లమెంటు భవనానికీ మధ్యనున్న పెన్సిల్వేనియా ఎవెన్యూలో జోసె ఆండ్రెస్ అనే పేరున్న షెఫ్ జనవరి 16న ఉచిత భోజనశాల తెరిచారు. తుపాన్లు, భూకంపాలు వచ్చినచోట వంటలు వండిపెట్టే సంస్థ ఆయనది. ఈసారి వచ్చినవాళ్లు తుపాను బాధితులు కారు. సర్కారు గుర్తింపు కార్డు చూపించి అన్నం పెట్టించుకున్న ఉద్యోగులు. తీరరక్షక దళం వాళ్లది మరీ దారుణం. అది సాయుధ దళమే అయినా రక్షణ శాఖ కిందకి రాదు, హోంల్యాండ్ సెక్యూరిటీ కిందకి వస్తుంది. అందుకని మిగతా సైనికులకి జీతమొచ్చింది, సముద్రం మీద గస్తీ కాసేవాళ్లకి రాలేదు. వాళ్ల సంక్షేమ విభాగం ఒక సలహాల కాగితం ఇచ్చింది. ఇంట్లో పాత సామాన్లు అమ్ముకోండి, ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకోండి, కుక్కల్ని షికారు తిప్పండి, అప్పులు తీర్చలేమని దివాలా తియ్యడం మాత్రం ఆఖరి మార్గంగా పెట్టుకోండి! పత్రికల్లో వచ్చి గోలయ్యాక ఆ కాగితాన్ని తీసేశారు.

జనవరి 24న వాణిజ్య మంత్రి విల్బర్ రాస్‌ని టీవీలో అడిగారు, ఉద్యోగులు ఉచిత తిండి కోసం వరసల్లో నిలబడుతున్నారట కదా అని. ఎందుకో తనకి అర్థం కావడం లేదని, బ్యాంకుల్లో అప్పు తెచ్చుకోవచ్చు కదా అనే అర్థం వచ్చేట్టు మాట్లాడారు ఆయన. మంత్రివర్గంలో బాగా డబ్బున్నవారిలో ఒకరు. రాబోయే జీతం మీద ఈవేళ వడ్డీకి తెచ్చుకోవడం ఆయనకి చిన్న విషయమే అయి ఉంటుంది.

ఇంతకీ 35వ రోజున తాళాలు ఎలా తెరుచుకున్నాయి? వరసల్లో నిలబడ్డవాళ్లని చూసి కాదు. జనవరి 20న విమానాశ్రయాల్లో తనిఖీ చేసే సిబ్బంది పదిమందిలో ఒకరు డ్యూటీకి రాలేదు. పెట్రోలుకి డబ్బుల్లేవు, పిల్లల్ని క్రెష్‌లో దింపడానికి డబ్బుల్లేవు. 25న తూర్పు తీరంలో కొద్దిమంది కంట్రోలర్లు ఒంట్లో బాగోలేదని సెలవు పెట్టేసరికి న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయానికి వచ్చే విమానాల్ని కాసేపు ఎక్కడివక్కడ నేలమీదే ఆపెయ్యాల్సొచ్చింది. ఆ ఇబ్బంది మిగతా విమానాశ్రయాలకీ పాకింది. అదే రోజు ట్రంప్ మూడు వారాల తాత్కాలిక బిల్లుకి ఒప్పుకున్నారు. గోడకి అందులో ఒక్క డాలరూ లేదు. అంటే డిసెంబరులో కాదన్న రకం బిల్లే. ఆఖరికి ఫిబ్రవరిలో కంచెలకి 137.5 కోట్ల డాలర్లు వచ్చాయి, అడిగినదాంట్లో నాలుగోవంతు కూడా కాదు. మిగతా డబ్బు కోసం ఆయన అత్యవసర పరిస్థితి ప్రకటించుకున్నారు. ఆ 35 రోజుల్లో దేశానికి 1,100 కోట్ల డాలర్ల ఉత్పత్తి దెబ్బతిన్నదని, అందులో 300 కోట్లు ఇంక ఎప్పటికీ తిరిగి రాదని కాంగ్రెస్‌కి లెక్కలు వేసిపెట్టే కార్యాలయమే చెప్పింది. గోడకి అడిగిన దానికి దాదాపు రెట్టింపు.

ఇన్ని రోజులూ ఆ బిల్లు పాస్ చెయ్యలేకపోయిన సభ్యుల జీతం మాటేమిటి? ఏడాదికి లక్షా 74 వేల డాలర్లు, ఠంచనుగా పడింది. సభ్యులకి ఖజానా నుంచి జీతం ఇవ్వాలని రాజ్యాంగంలోనే ఉంది, ఆ డబ్బు ఏటేటా పాసయ్యే బిల్లుల మీద ఆధారపడదు. సభ్యుల జీతాన్ని ఎక్కువ చెయ్యాలన్నా తక్కువ చెయ్యాలన్నా మళ్లీ ఎన్నికలు అయ్యాకే అని 27వ సవరణ చెబుతుంది. కొందరు మొహమాటపడి మాకూ వద్దన్నారు, కొందరు దానధర్మాలకి ఇచ్చారు. అది వాళ్ల మంచితనం. చట్టం మాత్రం వాళ్ల జోలికి రాదు.

డబ్బు బిల్లు ఆగితే ఉద్యోగి కాకుండా ప్రధానమంత్రే ఇంటికెళ్లిన దేశమూ ఉంది. 1975 ఆస్ట్రేలియా కథ ఇది. లేబర్ పార్టీ ప్రధాని గాఫ్ విట్లమ్‌కి దిగువ సభలో మెజారిటీ ఉంది, సెనేట్‌లో లేదు. అక్టోబరు 16న ప్రతిపక్ష నాయకుడు మాల్కమ్ ఫ్రేజర్ మనుషులు సెనేట్‌లో బడ్జెట్ బిల్లుల్ని తొక్కిపెట్టారు. ఎన్నికలు పెడితేనే వదుల్తామన్నారు. విట్లమ్ ససేమిరా అన్నారు. నవంబరు ఆఖరుకి ఖజానా తలుపు మూసుకుంటుందని లెక్కలు తేలాయి. నవంబరు 11న, ఇంకా డబ్బు ఉండగానే, బ్రిటన్ రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్ జాన్ కెర్, తనని కలవడానికి వచ్చిన ప్రధానిని అక్కడికక్కడే పదవి నుంచి తీసేశారు. ఫ్రేజర్‌చేత ఆపద్ధర్మ ప్రధానిగా ప్రమాణం చేయించారు.

తర్వాత జరిగింది సినిమాలో కూడా చూపించరు. విట్లమ్ భోజనానికి కూర్చున్నారు గానీ సెనేట్‌లో ఉన్న తన సొంత పార్టీ నాయకులకి కబురు పెట్టలేదు. ఆ మధ్యాహ్నం బడ్జెట్ బిల్లులు సెనేట్ ముందుకొస్తే, ప్రతిపక్షం దిగొచ్చిందనుకుని లేబర్ సభ్యులు సంతోషంగా చేతులెత్తారు. పాసైంది తమ బిల్లే, డబ్బు మాత్రం ఫ్రేజర్ సర్కారుకి! ఆనక దిగువ సభ ఫ్రేజర్ మీద అవిశ్వాసం పెట్టి నెగ్గింది. ఆ మాట చెప్పడానికి స్పీకర్ వెళ్లేసరికి సభ రద్దయిపోయింది. డిసెంబరు 13న ఎన్నికల్లో ఫ్రేజర్ కూటమికి 127 సీట్లలో 91 వచ్చాయి. గవర్నర్ జనరల్ చేసింది న్యాయమా అని ఆ దేశంలో ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. ఒక్కటి మాత్రం నిజం. పంతం ఖరీదు నాయకులు తమ పదవితోనే కట్టారు, నిర్ణయం ఓటరు చేతికి వెళ్లింది, గుమాస్తా జీతం ఆగకముందే కథ ముగిసింది.

మన రాజ్యాంగం రాసినవాళ్లు ఈ దారే పట్టారు. బడ్జెట్ చర్చ సాగుతున్నా ఖర్చులు ఆగకుండా 116వ అధికరణం కింద కొన్ని నెలలకి ముందుగా డబ్బు తీసుకోవచ్చు. ఎన్నికల ఏడాది 'ఓట్ ఆన్ అకౌంట్' అని పేపర్లో చూసేది ఇదే. రాజ్యసభ డబ్బు బిల్లుని 14 రోజులకి మించి పట్టుకోలేదు. లోక్‌సభలో ఓడిపోతే సర్కారు దిగిపోవాలి. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అప్పుడు స్పీకర్ కుర్చీలో ఉన్నది కోనసీమ మనిషి జీఎంసీ బాలయోగి. బడ్జెట్ ఇంకా పాసవలేదు. ప్రభుత్వాన్ని పడగొట్టినవాళ్లూ, పడిపోయినవాళ్లూ కలిసి కొద్దిరోజులకే ఆ బడ్జెట్‌ని చర్చ లేకుండా ఆమోదించి, ఆ తర్వాతే ఎన్నికలకి బయల్దేరారు. ఆ నెల ఎవరి పింఛనూ ఆగలేదు.

దీన్ని చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. 2018 మార్చి 14న లోక్‌సభ గుర్తుందా? ప్రత్యేక హోదా కోసం తెలుగుదేశం, వైకాపా సభ్యులు, రిజర్వేషన్ల కోసం తెరాస సభ్యులు ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. బ్యాంకు కుంభకోణం మీద కాంగ్రెస్ గోల వేరే. ఆ కేకల మధ్యే గిలెటిన్ వేసి, 24 లక్షల కోట్ల రూపాయలకి పైబడిన ఖర్చుని సుమారు అరగంటలో పాస్ చేశారు. ఒక్క శాఖ పద్దు మీదైనా చర్చ జరగలేదు. కూరగాయల దగ్గర అంతకంటే ఎక్కువ బేరమాడతాం. అక్కడ అడ్డంపడి ఆపేస్తారు, ఇక్కడ చూడకుండా వదిలేస్తారు. రెండింటిలోనూ చెయ్యాల్సిన పని చెయ్యనట్టే. కాకపోతే దెబ్బ తగిలేది వేర్వేరు మనుషులకి.

అమెరికాలో తాళాలు పడితే తెలుగిళ్లకీ ఆ చప్పుడు వినిపిస్తుంది. హెచ్1బి వీసా మీద ఉన్న కుర్రాడు కంపెనీ మారాలంటే, కొత్త కంపెనీ ముందు కార్మిక శాఖ నుంచి జీతం తాలూకు ధ్రువపత్రం తెచ్చుకోవాలి. వీసా దరఖాస్తులు చూసే విభాగం ఫీజుల డబ్బుతో నడుస్తుంది కాబట్టి మూతపడదు, కార్మిక శాఖ కిటికీ మూతపడుతుంది. 2018-19లో ఆ శాఖకి ముందే డబ్బు వచ్చేసింది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. 2013లో మూసుకుంది. 2025 అక్టోబరులో దాదాపు నెలంతా మూసుకుంది. ఆ నెలలో ఉద్యోగం పోయి, కొత్తది దొరికి, 60 రోజుల గడువు లెక్కపెట్టుకుంటున్న వాళ్లకి ప్రతి రోజూ బరువే.

2025 షట్‌డౌన్ 35 రోజుల రికార్డునీ దాటింది. అక్టోబరు 1న మొదలై నవంబరు 12 దాకా, 43 రోజులు. ఈసారి తగువు ఆరోగ్య బీమా రాయితీల మీద. నవంబరు 1న సుమారు 4 కోట్ల 20 లక్షల మంది పేదలకి రావాల్సిన ఆహార సాయం ఆగింది. కంట్రోలర్లు తగ్గిపోయి 40 పెద్ద విమానాశ్రయాల్లో సర్వీసులు కోతపెట్టారు. ఆ తర్వాతే కొందరు డెమోక్రాట్లు సెనేట్‌లో అటు ఓటేశారు. రాయితీల కొనసాగింపు ఆ బిల్లులో లేదు. దాని మీద ఓటింగు పెడతామన్న మాట మాత్రం దొరికింది.

ఆగిపోయిన జీతం మళ్లీ వస్తుందా? పర్మినెంట్ ఉద్యోగులకి వస్తుంది. తెరుచుకున్నాక బకాయి మొత్తం ఇవ్వాల్సిందేనని 2019 జనవరి 16న చట్టం చేశారు. అయితే ఆ భవనాల్లో తుడిచేవాళ్లు, క్యాంటీన్లో వండేవాళ్లు, గేటు దగ్గర కాపలా కాసేవాళ్లు చాలామంది సర్కారు ఉద్యోగులు కారు. కాంట్రాక్టరు మనుషులు. గంటకింత అని కూలి. ఆఫీసు మూస్తే గంటలు లేవు, గంటలు లేకపోతే కూలి లేదు. వాళ్లకీ ఆ 35 రోజుల కూలి ఇప్పిద్దామని 2019 ఫిబ్రవరి బిల్లులో చేర్చడానికి కొందరు సభ్యులు ప్రయత్నించారు. చివరికి ఓటింగుకొచ్చిన కాగితంలో అది లేదు.